పది వాటాల డబ్బు, ఒక మాండలిన్: ప్రాజెక్టు డైరీ

1వ రోజు

మాండలిన్ నేర్చుకోవాలన్న కోరిక ఎన్నాళ్లుగానో ఉంది. ఇన్నాళ్లకు కొంత డబ్బు పక్కన పెట్టగలిగాను. అది తక్కువే, మళ్లీ ఇంత కూడబెట్టాలంటే చాలా కాలం పడుతుంది. అందుకే వాద్యం వెతకడానికి ముందే ఆ డబ్బును కాగితం మీద పది వాటాలు వేశాను. ఆరు వాటాలు వాద్యానికి. రెండు వాటాలు సెటప్‌కి, అంటే తీగల ఎత్తు, నట్ (తల దగ్గర తీగలు ఆనే పట్టీ), బ్రిడ్జి (ఒంటి మీద తీగలను మోసే చెక్క) సరిచేయించడానికి. ఒక వాటా కొత్త తీగలకు, వాటిని మీటే పిక్‌లకు, సంచికి. మిగిలిన ఒక్క వాటా అనుకోని ఖర్చుకి. శ్రుతి చూసుకోవడానికి ఫోన్‌లో ఉచితంగా దొరికే ట్యూనర్ యాప్ సరిపోతుంది.

ఉన్నదంతా వాద్యం మీదే పెడితే ఇంకాస్త మంచిది వస్తుంది కదా అనిపించింది. ఆ ఆశను ఆపింది మా వయొలిన్ మాస్టారు. పాశ్చాత్య పద్ధతిలో వయొలిన్‌కీ మాండలిన్‌కీ శ్రుతి ఒకటే కాబట్టి ఆయనకు ఈ వాద్యం కూడా బాగా తెలుసు. "సెటప్ లేని మాండలిన్ పట్టుకున్నావంటే, తప్పంతా నీ వేళ్లదే అనుకుంటావమ్మా. నెల తిరక్కుండా దాన్ని మూల పెట్టేస్తావు" అన్నారు. ఆయన మాటలో నిజముంది. మాండలిన్‌లో తీగలు జంటలుగా ఉంటాయి. ఒక వేలితో ఒకేసారి రెండు ఉక్కు తీగలు నొక్కాలి. తీగ ఉండాల్సినదానికన్నా అర మిల్లీమీటరు ఎత్తుగా ఉన్నా వేలికొసకు తెలిసిపోతుంది.

4వ రోజు

ఇవాళంతా ఆకారాల గురించి చదివాను.

పాతకాలం నేపుల్స్ మాండలిన్‌కి వెనక భాగం గుమ్మడికాయను సగానికి కోసినట్టు ఉంటుంది. సన్నని చెక్క పట్టీలను పక్కపక్కన అతికించి చేస్తారు. అందంగా ఉంటుంది కానీ ఒళ్లో నిలవదు, జారుతుంది. తర్వాత అమెరికాలో ఆర్విల్ గిబ్సన్ వయొలిన్‌లాగా చెక్కను చెక్కి, పైపలకకు ఉబ్బు వచ్చేలా మాండలిన్లు చేశాడు. ఆయన పేటెంటు 1898 నాటిది. ఇప్పుడు ఎక్కువగా కనిపించే రెండు రకాలూ ఆ దారిలో వచ్చినవే. నీటిబొట్టు ఆకారంలో ఉండేది ఏ-స్టయిల్. పైన నత్తగుల్లలా ఒక చుట్ట, పక్కన కొమ్ముల్లాంటి మొనలు ఉండేది ఎఫ్-స్టయిల్. 1922లో గిబ్సన్ కంపెనీలో లాయిడ్ లోర్ రూపొందించిన ఎఫ్-5 తర్వాత ఆ రెండో ఆకారానికి గొప్ప పేరొచ్చింది.

నాకు పనికొచ్చిన విషయం ఒకటుంది. ఆ చుట్ట చెక్కడానికి చాలా పని పడుతుంది, దానివల్ల ధర బాగా పెరుగుతుంది. ధ్వనికి మాత్రం పెద్దగా ఒరిగేది లేదు. కాబట్టి ఒకే ధరకు ఒక ఏ, ఒక ఎఫ్ కనిపిస్తే, ఏ-స్టయిల్‌లో చెక్క, పనితనం మెరుగ్గా ఉండే అవకాశమే ఎక్కువ. ఎఫ్-స్టయిల్‌ని జాబితాలోంచి కొట్టేశాను. చూడటానికి నాకు అదే ఎక్కువ ఇష్టం, అయినా కొట్టేశాను.

ఎలక్ట్రిక్ గురించి కూడా ఆలోచించాను. మాండలిన్ అనగానే మనకు గుర్తొచ్చే యు. శ్రీనివాస్ వాయించింది ఎలక్ట్రిక్ మాండలినే. జంట తీగలకు బదులు ఒంటి తీగలు పెట్టి, నాలుగింటికి ఐదోది చేర్చారు. జంట తీగల మీద గమకం పలికించడం ఎంత కష్టమో తీగను పక్కకు లాగి చూస్తే అర్థమవుతుంది, రెండూ సమానంగా సాగవు. కర్ణాటక సంగీతమే గమ్యం అయితే ఆ దారి వేరు. నాకు ప్రస్తుతం పాటలకు తోడుగా వాయించడం, చిన్న చిన్న వరసలు పలికించడం చాలు. పైగా ఎలక్ట్రిక్ అంటే ఆంప్లిఫయర్ ఖర్చు కూడా కలుస్తుంది. నా పది వాటాల్లో దానికి చోటు లేదు.

9వ రోజు

కాగితం మధ్యలో గీత గీసి, ఒకవైపు "తర్వాత మార్చగలిగేవి", రెండోవైపు "మార్చలేనివి" అని రాసుకున్నాను. ఈ ప్రాజెక్టులో ఇప్పటిదాకా చేసిన పనుల్లో ఇదే నాకు ఎక్కువ ధైర్యమిచ్చింది.

మార్చగలిగేవి: తీగలు, బ్రిడ్జి, నట్, తీగలు బిగించే బిరడాలు, తీగల కొక్కేలుండే టెయిల్‌పీస్, గీతలు, మురికి. మార్చలేనివి, లేదా మార్చాలంటే వాద్యం ధర కన్నా ఎక్కువ అయ్యేవి: మెలితిరిగిన మెడ, మెడ ఒంటికి అతికిన చోట వదులు, దిగబడిన పైపలక, తప్పు దూరాల్లో కొట్టిన మెట్లు (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీలు, ఫ్రెట్లు). ఆరు వాటాల్లో ఈ రెండోవైపు అంతా బాగున్నది దొరికితే, మొదటివైపు ఎంత అధ్వానంగా ఉన్నా ఫరవాలేదు. పాతది కొనాలన్న నిర్ణయం కూడా దీన్నుంచే వచ్చింది. అరిగిన తీగలు, గీతలు పాత వాద్యం ధరను బాగా తగ్గిస్తాయి. అవి రెండూ నాకు అడ్డం కాదు.

పైపలక గురించి రెండు మాటలు. ఒకే చెక్క పలకతో చేసినది వేరు, పొరలు అతికించిన ప్లైవుడ్ వేరు. స్ప్రూస్ చెక్క ఒకే పలకగా ఉంటే మోగే తీరు బాగుంటుంది, వాయించేకొద్దీ ఇంకా విచ్చుకుంటుందని వాయించేవాళ్లు అంటారు. గుర్తుపట్టడం తేలికే. ధ్వని రంధ్రం అంచు దగ్గర టార్చి వేసి చూడాలి. పైన కనిపించే నార గీతలు అంచులోకి కూడా అలాగే దిగితే అది ఒకే పలక. అంచులో అడ్డంగా పొరలు కనిపిస్తే ప్లైవుడ్. నేర్చుకునేవాళ్లకు కెంటకీ కేఎం-150, ఈస్ట్‌మన్ ఎండీ-305 పేర్లు తరచుగా చెబుతారు. పైపలకా వెనకా ఒకే పలక చెక్కతో చెక్కినవి. కొత్తవి నా ఆరు వాటాలకు అందవు. వెనక, పక్కలు ప్లైవుడ్ అయినా సరే, పైపలక మాత్రం ఒకే పలక అయి ఉండాలి. అంతవరకే పట్టుబట్టాలని అనుకున్నాను.

12వ రోజు

మొదటి వాద్యం చూశాను. కొత్తది, తళతళలాడే ఎఫ్-స్టయిల్, ఆశ్చర్యంగా ఆరు వాటాల లోపే. చేతిలోకి తీసుకోగానే మనసు జారింది. స్టీలు స్కేలు తీసి 12వ మెట్టు దగ్గర పెట్టాను. మెట్టు పైనుంచి తీగ అడుగు దాకా 3.5 మిల్లీమీటర్లు. సాధారణంగా ఉండాల్సింది 1.5 నుంచి 2.

అంత ఎత్తు ఒక్కటే అయితే సరిచేయొచ్చు. మాండలిన్ బ్రిడ్జికి రెండు చిన్న చక్రాలుంటాయి, వాటిని తిప్పితే పైభాగం లేస్తుంది, దిగుతుంది. కానీ ఇక్కడ ఆ పైభాగం అప్పటికే అడుగుకి ఆనుకుని ఉంది. ఇక దిగే చోటు లేదు. అంటే మెడను ఒంటికి అతికించిన కోణంలోనే లోపం ఉంది. అది నా కాగితంలో రెండోవైపు. పెట్టెలో పెట్టి తిరిగి ఇచ్చేశాను. ఇంటికి వచ్చేదాకా దాని చుట్ట కళ్ల ముందే ఉంది.

15వ రోజు

గుమ్మడికాయ వెనక ఉన్న పాత మాండలిన్ ఒకటి, దాదాపు ఊరికే ఇస్తామన్నారు. ధ్వని చాలా తియ్యగా ఉంది. కానీ బ్రిడ్జి కింద పైపలక లోపలికి కుంగింది. టార్చి వేస్తే లోపల పలకకు ఊతంగా ఉండే ఒక అడ్డబద్ద ఊడి కనిపించింది. అలాంటి పాతవాటికి ఎవరో ఇప్పటి మామూలు తీగలు బిగించి ఉంటారు. ఎనిమిది తీగలు కలిపి లాగే బలం 70 కిలోలకు పైనే ఉంటుంది. ఆ సన్నని పలక అంత బరువుకి కట్టింది కాదు, వాటికి బాగా పలచటి తీగలు వాడాలి. వద్దన్నాను.

19వ రోజు

కొన్నాను!

వాడిన ఏ-స్టయిల్. పైపలక ఒకే పలక స్ప్రూస్, వెనక, పక్కలు ప్లైవుడ్. వయొలిన్‌కున్నట్టు ఎఫ్ ఆకారపు రంధ్రాలు. తీగలు తుప్పు పట్టి నల్లగా ఉన్నాయి. ఒక బిరడా తెల్ల గుండీ విరిగింది. ఒంటి మీద పొడవాటి గీత. ఐదున్నర వాటాలకు ఇచ్చారు.

అక్కడ గంటసేపు చూశాను, అమ్మేవాళ్లు ఓపిగ్గా కూర్చున్నారు. ముందు తల వైపు నుంచి మెడ పొడవునా ఒక కన్ను మూసి చూశాను. రెండు అంచులూ ఒకే గీతలా నేరుగా ఉన్నాయి, మెలిక లేదు. ఒక తీగను మొదటి మెట్టు దగ్గర, మెడ ఒంటిని కలిసే చోట ఒకేసారి నొక్కి, మధ్యలో 7వ మెట్టు దగ్గర మామూలు కాగితం ముక్క దూర్చాను. కాగితం మందం దాదాపు 0.1 మిల్లీమీటరు. కాస్త బిగుతుగా దూరింది. అలాగే ఉండాలి. మెడ మరీ నేరుగా ఉంటే తీగ మెట్లకు తగిలి గరగరలాడుతుంది, మరీ వంగితే మధ్యలో నొక్కలేం. మెడ లోపల దాని వంపును సరిచేసే ట్రస్ రాడ్ అనే కడ్డీ ఉంది, దాన్ని తిప్పే మర దెబ్బతినలేదు.

తర్వాత నాలుగు జంటల మీదా ప్రతి మెట్టు దగ్గరా ఒక్కొక్క స్వరం మీటాను. రెండు చోట్ల తప్ప ఎక్కడా గరగర లేదు. పైపలకను వేలితో ఊరికే తట్టాను, ఊడిన ముక్క ఉంటే గలగలమని తెలుస్తుంది. అదీ లేదు. పక్క నుంచి చూస్తే ఉబ్బు నిండుగా ఉంది. బ్రిడ్జి చక్రాల దగ్గర దిగడానికి ఇంకా మూడు మిల్లీమీటర్ల చోటు ఉంది. 12వ రోజు చూసినదానికీ దీనికీ అసలు తేడా ఆ మూడు మిల్లీమీటర్లే.

20వ రోజు

కొలతలు, ఏదీ ముట్టుకోక ముందు:

12వ మెట్టు దగ్గర లావు తీగల ఎత్తు 2.8 మి.మీ., సన్న తీగల ఎత్తు 2.3 మి.మీ. నట్ నుంచి 12వ మెట్టుకు 176 మి.మీ. సన్న తీగను మొదటి మెట్టు మీద నొక్కితే స్వరం 20 సెంట్లు హెచ్చు పలుకుతోంది. సెంటు అంటే పక్కపక్కనున్న రెండు మెట్ల మధ్య దూరంలో నూరో వంతు. మొదటి మెట్టు దగ్గరే అంత హెచ్చు అంటే నట్ మీద తీగలు కూర్చునే గాడుల లోతు చాలలేదు, నొక్కేటప్పుడు తీగ ఎక్కువగా సాగుతోంది. 3వ మెట్టు దగ్గర నొక్కి చూస్తే మొదటి మెట్టు పైన కాగితాలు నాలుగు పట్టేంత సందు ఉంది. ఒకటి దూరితే చాలు.

22వ రోజు

ఇవాళ ఒక పొరపాటు చేశాను. దుమ్ము తుడుద్దామని ఎనిమిది తీగలూ ఒకేసారి విప్పేశాను. బ్రిడ్జి ఊడి చేతిలోకి వచ్చింది.

ఇలాంటి మాండలిన్‌లో బ్రిడ్జిని అతికించరు. తీగల ఒత్తిడికే అది నిలబడుతుంది. అందుకే తీగలు ఒక్కొక్కటిగా మార్చాలి. ఒకవేళ అన్నీ విప్పాల్సి వస్తే బ్రిడ్జి ఉన్న చోట పెన్సిల్‌తో చిన్న గుర్తు పెట్టుకోవాలి. నేను పెట్టలేదు. చాలా టెన్షన్ పడ్డాను, మాస్టారికి ఫోన్ చేశాను.

"కంగారు పడకమ్మా, కొలతతో దొరుకుతుంది" అన్నారు. నట్ నుంచి 12వ మెట్టుకు ఎంత దూరమో, అక్కడి నుంచి బ్రిడ్జికి కూడా దాదాపు అంతే. 176కి 176. నొక్కినప్పుడు తీగ కాస్త సాగుతుంది కాబట్టి దానికి పైన ఒకటి రెండు మిల్లీమీటర్లు వెనక్కి ఉండాలి. లావు తీగల వైపు ఇంకొంచెం ఎక్కువ. స్కేలు పెట్టి అక్కడ నిలబెట్టాను. అసలు సర్దుబాటు చివర్లో.

ఊడితే ఊడింది, బ్రిడ్జి అడుగు కూడా చూశాను. పైపలక ఉబ్బుకు ఆ అడుగు సరిపోలేదు. రెండు కొసలూ ఆనుతున్నాయి, మధ్యలో వెలుతురు కనిపిస్తోంది. తీగల కదలిక పలకకు చేరేది ఈ అడుగు గుండానే, సగం దారి మూసి ఉన్నట్టు లెక్క.

23వ రోజు

పైపలక మీద బ్రిడ్జి ఉండే చోట సన్న గరుకు కాగితాన్ని, గరుకు వైపు పైకి వచ్చేలా టేపుతో అంటించాను. దాని మీద బ్రిడ్జి అడుగును మెల్లగా ముందుకీ వెనక్కీ రుద్దాను. అలా చేస్తే అడుగు అదే ఉబ్బు ఆకారం తెచ్చుకుంటుంది. చేయి పక్కకు ఊగకుండా రుద్దడమే కష్టం, ఊగితే అడుగు గుండ్రంగా తిరిగిపోతుంది. పది నిమిషాలకొకసారి పొడి తుడిచి, వెనక టార్చి పెట్టి చూశాను. రెండు గంటలు పట్టింది. చివరకు వెలుతురు ఎక్కడా రాలేదు.

కొత్త తీగలు 0.010 అంగుళాల నుంచి మొదలయ్యే లైట్ సెట్. 0.011తో మొదలయ్యే మీడియంలో ధ్వని నిండుగా ఉంటుంది, కానీ కొత్త వేళ్లకు బరువు. కొనేటప్పుడు కొసన లూప్ ఉన్నవేనా అని చూసుకోవాలి. మాండలిన్ టెయిల్‌పీస్‌కి బంతి ఉన్న గిటార్ తీగలు సాధారణంగా కుదరవు. జంటలన్నీ బిగించి, లావు తీగల జంట నుంచి వరసగా జి, డి, ఎ, ఇ అని శ్రుతి చేశాను. మన లెక్కలో ఒక జంట షడ్జమం అనుకుంటే తర్వాతి జంట దాని పంచమం, వరసగా నాలుగూ అంతే. చెవితో చూసుకోవడం అందుకే తేలిక. అన్నీ మీటగానే ఇల్లంతా మోగింది. నిన్నటి వాద్యం ఇదేనా అనిపించింది.

27వ రోజు

నట్ పని నేను చేయలేదు. తీగ మందానికి సరిపోయే సన్న ఆకురాళ్లు కావాలి, వాటి సెట్టు ఖరీదు సెటప్ కూలి కన్నా ఎక్కువ. ఒక్క గీత ఎక్కువ గీస్తే నట్టే మార్చాలి. తంత్రీవాద్యాలు బాగుచేసే పెద్దాయనకు ఇచ్చాను. ఆయన నట్‌తో పాటు గరగరలాడిన రెండు మెట్లను కూడా సమం చేశారు. ఒకటిన్నర వాటా అయింది. మొత్తం ఖర్చులో నేను సంతోషంగా ఇచ్చిన డబ్బు ఇదే.

28వ రోజు

తీగల ఎత్తు నేనే తగ్గించాను. దీనికో చిన్న లెక్క ఉంది. 12వ మెట్టు తీగకు దాదాపు మధ్యలో ఉంటుంది కాబట్టి, అక్కడ ఒక మిల్లీమీటరు తగ్గాలంటే బ్రిడ్జి దగ్గర రెండు మిల్లీమీటర్లు తగ్గాలి. నట్ పని తర్వాత లావు తీగలు 2.6 దగ్గర ఉన్నాయి. 1.9కి రావాలి, అంటే బ్రిడ్జి 1.4 దిగాలి. తీగలను వదులు చేసి చక్రాలు తిప్పాను. తీగలు బిగుతుగా ఉండగా తిప్పితే చక్రం అడుగు చెక్కను కొరుకుతుంది. సన్న తీగల వైపు 1.5 దగ్గర ఆపాను.

ఆఖరున శ్రుతి సరిపోల్చడం. 12వ మెట్టు సరిగ్గా పైన తీగను నొక్కకుండా వేలు ఆనించి మీటి, వెంటనే వేలు తీస్తే గంటలాంటి స్వరం వస్తుంది, దాన్ని హార్మోనిక్ అంటారు. అదే మెట్టు దగ్గర నొక్కి మీటితే వచ్చే స్వరం దానితో కలవాలి. నొక్కిన స్వరం హెచ్చుగా ఉంటే బ్రిడ్జిని టెయిల్‌పీస్ వైపు జరపాలి, తగ్గితే మెడ వైపు. ఒక వెంట్రుక మందం జరిపితేనే ట్యూనర్‌లో ముల్లు కదిలింది. ఎనిమిది తీగలూ ఒకేలా రావడం అసాధ్యం, మూడు నాలుగు సెంట్ల తేడాతో ఒప్పుకున్నాను. ఈ పని ఎత్తు తగ్గించాకే చేయాలి. ముందు చేస్తే మళ్లీ చేయాలి.

33వ రోజు

శ్రుతి చేస్తుంటే తీగ కాసేపు కదలదు, టిక్ మని శబ్దం చేసి ఒక్కసారిగా గెంతుతుంది. తప్పు బిరడాలదనుకున్నాను. కాదు, నట్ గాడుల్లో తీగ పట్టేస్తోంది. పెన్సిల్ ముల్లు గాడిలో రెండుసార్లు రుద్దాను. గ్రాఫైటు జారుడుగా పనిచేసింది. విరిగిన గుండీ స్థానంలో పాత సెట్టులోంచి ఒకటి దొరికింది.

జంటలో ఒక తీగను వేలితో ఆపి, రెండోదాన్ని శ్రుతి చేసి, తర్వాత మొదటిదాన్ని దానికి కలుపుతున్నాను. ఎప్పుడూ తక్కువ నుంచి పైకే తీసుకొస్తాను. దాటిపోతే బాగా దించి మళ్లీ ఎక్కిస్తాను. రెండూ కలిసిన క్షణంలో అలలు అలలుగా వినిపించే వణుకు ఆగిపోతుంది. ఆ ఆగిపోవడం కోసమే రోజూ ఎదురు చూస్తున్నాను.

41వ రోజు

లెక్క రాశాను. వాద్యం ఐదున్నర, సెటప్ ఒకటిన్నర, తీగలు, పిక్‌లు, సంచి ఒకటి. పిక్‌లు మొదట సన్నవి కొన్నాను, జంట తీగల మీద అవి వంగి చప్పుడు చేశాయి తప్ప స్వరం రాలేదు. 1 మిల్లీమీటరు దాటిన గట్టివి మరో పావు వాటా. ఇంకా ఒకటిముప్పావు చేతిలో ఉంది. తేమ తగ్గే రోజుల్లో చెక్క పగలకుండా సంచిలో పెట్టే తేమ తిత్తికి కొంత తీసిపెట్టాను.

జి, సి, డి అనే మూడు కార్డ్‌లు, అంటే కలిపి మీటే స్వరాల గుంపులు, మారుస్తున్నాను. మాండలిన్ మీద అవి రెండు వేళ్లతో అయిపోతాయి. జికి ఎ జంట మీద రెండో మెట్టు, ఇ జంట మీద మూడో మెట్టు, మిగతా రెండూ ఖాళీ. మొదటి వారం పావుగంటకే వేలికొసలు మండేవి, ఇప్పుడు ముప్పావుగంట కూర్చుంటున్నాను.

కొత్త సమస్య ఒకటి వచ్చింది. డి జంట ఖాళీగా మీటితే ఎక్కడో లోహం చిరుచిరుమంటోంది. మెట్లు చూశాను, నట్ చూశాను, బిరడాల మరలు బిగించాను. అయినా పోలేదు. చివరకు వాయిస్తూ ఒక్కో చోటా వేలు ఆనించుకుంటూ వచ్చాను. టెయిల్‌పీస్ రేకు మూత మీద వేలు పెట్టగానే చప్పుడు ఆగింది. మూత లోపల చిన్న ఉన్నిగుడ్డ ముక్క పెట్టాను. రేపు పొద్దున్నే మళ్లీ విని చూడాలి.